ఈ రీలు వేరు!

'రీలు' అనగానే మీకేం గుర్తొస్తుంది చెప్పండి? మీ నాన్నగార్ని అడిగితే సినిమా డబ్బాలంటారు. ఒక హాల్లో ఆడిన రీలుని సైకిలు మీద పెట్టుకుని రెండో హాలుకి టైముకి చేర్చడానికి చెమటలు కక్కిన కుర్రాడి కథ చెబుతారు. మీరైతే ఫోన్లో బొటనవేలితో పైకి తోసేసే అరనిమిషం బొమ్మంటారు. నేను చెప్పబోయే రీలు ఈ రెండూ కాదు సుమండీ! గుప్పెట్లో పట్టేంత చక్రం. దానికి చుట్టిన దారం, దారం చివర గాలం, గాలం కింద పాతికడుగుల చన్నీళ్ళు... ఆ నీళ్ళ మీద ప్లాస్టిక్ పడవలో ఊగుతూ, ఈత అంతంతమాత్రం వచ్చిన నేను!

ఇంకో మాట కూడా ముందే చెప్పెయ్యాలి. ఈ కథలో హీరో పేరు 'బాస్'. ఆగండాగండి, ఈలలు వెయ్యకండి! మీరనుకునే మెగాస్టార్ కాదు. ఈయన పూర్తి పేరు లార్జ్‌మౌత్ బాస్. అంటే పెద్దనోటి బాస్ అన్నమాట. అమెరికా మంచినీటి చెరువుల్లో ఈయనదే రాజ్యం. ఒళ్ళంతా ఆకుపచ్చ, పక్కన తల నుంచి తోక దాకా నల్లటి చార, నోరు తెరిస్తే మన గుప్పెడు లోపలికి పోతుంది. మన కొర్రమీను తెలుసుగా? అచ్చం ఆ స్వభావమే. మోడు చాటునో నాచు చాటునో మాటు వేసి, దగ్గరికొచ్చిన చిన్న చేపని ఒక్క గుటకలో లాగించేస్తుంది. ఈ బాస్ గారి దర్శనం కోసం నడి చలికాలంలో డల్లాస్ చెరువు మీదకి వెళ్ళి, నేను పడిన పాట్లు... కాదు కాదు, నేను 'పడిన' కథ ఇది.

గది దాటని హీరో

2024 డిసెంబరు. డల్లాస్ నగరం తెలుగువాళ్ళతో కళకళలాడిపోతోంది. ఆ నెల 21న పక్కనే వున్న గార్లండ్‌లో 'గేమ్ ఛేంజర్' సినిమా వేడుక. హీరో అమెరికా వచ్చాడంటే మనవాళ్ళు ఆగుతారా! మా అక్కా, బావా, పిల్లలూ వెళ్ళారు. నేను వెళ్ళలేదు. అక్కావాళ్ళ మేడమీద గదిలో, దుప్పటి కప్పుకుని, ఫోను గుండెల మీద పెట్టుకుని పడుకున్నాను.

కారణం చెబితే అమెరికాలో చదివినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. ఎమ్మెస్ పూర్తిచేసి, ఓ.పి.టి. అనే అనుమతి మీద ఒక చిన్న ఉద్యోగంలో చేరాను. డిసెంబరు మొదటి వారంలో 'ప్రాజెక్టు అయిపోయింది, థాంక్యూ' అన్నారు. ఈ అనుమతి మీద వున్నవాళ్ళు మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకి మించి ఉద్యోగం లేకుండా వుండకూడదు. ఆ తర్వాత పెట్టే సర్దుకోవాల్సిందే. గుంటూరు జిల్లాలో మా నాన్న బ్యాంకులో పెట్టిన పొలం కాగితాలు నాకు నిద్రలో కూడా కనబడుతుండేవి.

సంక్రాంతి వచ్చింది. జనవరి 10న 'గేమ్ ఛేంజర్', 12న 'డాకు మహారాజ్', 14న 'సంక్రాంతికి వస్తున్నాం'. మూడు సినిమాలు వరసగా! చిన్నప్పుడైతే మూడింటికీ మొదటాటలో వుండేవాణ్ణి. ఆ వారంలోనే డల్లాస్‌లో మంచు కూడా పడింది. పిల్లలు మంచుబొమ్మ చేసి దాని నెత్తిన మా బావ టోపీ పెట్టారు. నేను కిటికీలోంచి చూసి మళ్ళీ దుప్పట్లో దూరాను. రోజుకి 40 దరఖాస్తులు పెట్టడం, ఫోనుకేసి చూడటం. అంతే పని.

జనవరి నెలాఖర్లో ఒక శనివారం తెల్లవారుజామున బావ వచ్చి దుప్పటి లాగేశాడు. అప్పటికి 90లో 50 రోజులు దాటాయి.

"ఏరా, అలా ఫోనుకేసి చూస్తే మోగుతుందా? లే, చెరువుకి పోదాం."

"ఈ చలిలో చెరువేంటి బావా?"

"చలి కాబట్టే. వేసవిలో మోటారు పడవలు, పాటలు, గోల. ఇప్పుడైతే చెరువంతా మనదే."

మా బావ మేనత్త కొడుకే. అంచేత చిన్నప్పట్నుంచీ 'నువ్వు' అనే చనువు. మా వూరి చెరువుగట్టు మీద నాకు గాలానికి వానపాము గుచ్చడం నేర్పింది ఆయనే. బెండు మునగ్గానే లాగాలని చెప్పిందీ ఆయనే. ఆ మనిషే ఇప్పుడు డల్లాస్‌లో శనివారం వస్తే చాలు, పికప్ బండి వెనక రెండు కయాకులు కట్టుకుని బయల్దేరతాడు. అక్క మాత్రం గుమ్మంలో నిలబడి ఒకే మాట అంది: "వాణ్ణి ఎలా తీసుకెళ్తున్నావో అలాగే తీసుకురా."

నీళ్ళ కింద వాగు

మేం వెళ్ళింది గ్రేప్‌వైన్ చెరువుకి. డల్లాస్‌కి వాయవ్యంగా, కారులో వెళ్తే ఎంతో దూరం కాదు. డెంటన్ క్రీక్ అనే వాగుకి అడ్డంగా సైనిక ఇంజనీర్లు కట్టిన ఆనకట్ట 1952లో పూర్తయింది. అలా పుట్టిన చెరువు ఇది. టెక్సాస్‌లో చెరువులన్నీ దాదాపు ఇలా మనుషులు కట్టినవే. దేవుడిచ్చినవి వెతికి పట్టుకోవాల్సిందే! మన కాకతీయుల చెరువుల్లాగే అన్నమాట. కాకపోతే వీళ్ళవి ఒక ముత్తాత వయసువి, మనవి ఎనిమిదివందల ఏళ్ళవి.

ఈ చెరువు పక్కనే డల్లాస్ పెద్ద విమానాశ్రయం. నీళ్ళ మీద కూర్చుంటే విమానాలు నెత్తిమీదుగా వరసకట్టి వెళ్తుంటాయి. రెండేళ్ళ క్రితం నేను దిగిన విమానాశ్రయం అదే. ఎక్కాల్సి వస్తే ఎక్కాల్సిందీ అక్కణ్ణించే. ఒక్కొక్క విమానం రెక్క వంచి మలుపు తిరుగుతుంటే నా కడుపులో ఏదో తిరిగేది.

కయాకు గురించి మీకు చెప్పాలి. పదకొండు పన్నెండు అడుగుల పొడుగు, మనిషి పట్టేంత వెడల్పు, మందపాటి ప్లాస్టిక్కు. పైన కుర్చీ, వెనక పాలడబ్బాలు పెట్టుకునే బుట్టలాంటిది, గాలపు కర్రలు గుచ్చుకోవడానికి గొట్టాలు. చేతిలో రెండు వైపులా ఆకులున్న తెడ్డు. మీరు 'మూగమనసులు' చూసుంటారు. 1964లో వచ్చినా ఇప్పటికీ టీవీలో వస్తూనే వుంటుంది. అందులో అక్కినేని పడవ నడుపుతుంటే గోదావరే ఆయన మాట వింటున్నట్టుంటుంది కదా? కయాకు అలా కాదు బాబూ! అది మీ మాట వినదు. మీరు తుమ్మితే అదీ తుమ్ముతుంది.

ఒడ్డున బావ బట్టల కార్యక్రమం మొదలెట్టాడు. తనకి నీళ్ళు దూరని సూటు. నాకు తన పాత రబ్బరు సూటు. అది ఎంత బిగుతంటే, ఎక్కించుకునేసరికి నాకు ముచ్చెమటలు పోశాయి. పైన లైఫ్ జాకెట్టు.

"బావా, ఎండ చక్కగా కాస్తోంది. ఈ వేషమంతా ఎందుకు?"

బావ చెరువులో ఉష్ణోగ్రత కొలిచే చిన్న యంత్రం ముంచి చూపించాడు. 47 డిగ్రీలు, ఫారన్‌హీట్. మన లెక్కలో 8 పైచిలుకు.

"గాలిని చూసి బట్టలు వేసుకోకూడదురా. నీళ్ళని చూసి వేసుకోవాలి. ఈ రాష్ట్రంలో పెద్దవాళ్ళ కోసం పడవలో లైఫ్ జాకెట్టు వుంటే చాలు, వేసుకుని తీరాలని చట్టం లేదు. ఆ చట్టం పదమూడేళ్ళ లోపు పిల్లలకే. నా దృష్టిలో నువ్వు ఆ పిల్లల్లో ఒకడివి. బిగించు."

బిగించాను. ఆ ఒక్క పని చేశాను కాబట్టే ఈ వ్యాసం మీరు చదువుతున్నారు.

తెడ్డు వేసుకుంటూ ఒక మూలకి చేరాం. బావ కయాకుకి తగిలించిన చిన్న తెర మీద చెరువు అడుగు గీతలు గీతలుగా కనబడుతోంది. పదడుగులు, పన్నెండడుగులు... ఉన్నట్టుండి పాతికడుగులు!

"అదే పాత వాగు," అన్నాడు బావ. "ఆనకట్ట కట్టకముందు పారిన వాగు అడుగున అలాగే వుంది. మెలికలతో సహా. మన సాగర్ నీళ్ళ కింద నాగార్జునకొండ లోయ వున్నట్టు. చలికాలంలో బాస్ గారి మకాం ఈ వాగు అంచునే."

బాస్ గారి చలికాలం

నేనేమో మా వూరి పద్ధతిలో గాలం విసిరి, చకచకా చుట్టెయ్యడం మొదలెట్టాను. బావ నవ్వాడు.

"ఎవర్ని తరుముతున్నావురా?"

అప్పుడు చెప్పాడు. చేపలకి మనలాగా ఒంట్లో వేడి వుండదు. నీళ్ళెంత చల్లగా వుంటే వాటి ఒళ్ళూ అంత చల్లన. నీళ్ళు ఇలా చల్లబడేసరికి బాస్‌కి అరుగుదల మందగిస్తుంది. ఒకసారి తింటే చాలాసేపు ఆకలుండదు. తరిమి వేటాడే ఓపికా వుండదు. వేసవిలో నీళ్ళు చిమ్ముకుంటూ పైకెగిరి ఎరని కొట్టే చేప, చలికాలంలో ముక్కు ముందుకొస్తే తప్ప నోరు తెరవదు. అంచేత ఎరని అడుక్కి దించి, పాకించాలి. అంగుళం కదపాలి, ఆపాలి. మనసులో పది లెక్కపెట్టాలి. ఇంకో అంగుళం. ఇరవై లెక్కపెట్టాలి.

మేం వాడిన ఎరని జిగ్ అంటారు. బరువైన తల, దానికి గాలం, గాలం చుట్టూ రబ్బరు కుచ్చు. అడుగున పాకుతుంటే రొయ్యలాంటి జీవి నడుస్తున్నట్టు వుంటుంది.

"మరి చేప పట్టుకుంటే ఎలా తెలుస్తుంది? బెండు లేదుగా?"

"తెలీదు. అదే కిటుకు. వేసవిలో అయితే ఫైటింగు సీనే. ఇప్పుడేమీ వుండదు. దారం చివర తడిగుడ్డ తగిలించినట్టు కాస్త బరువు తోస్తుంది. అంతే. నీ మనసు ఇంకెక్కడో వుంటే ఆ బరువు తెలీనే తెలీదు."

నా మనసు ఎక్కడుందో నాకు తెలుసు. లైఫ్ జాకెట్టు పైజేబులో. ఫోను దగ్గర. ఒడ్డునే వుంచెయ్యమని బావ చెప్పాడు. నేను దాచి తెచ్చాను.

ఎథెల్ అనే తార

రెండు గంటలు గడిచాయి. ఒక్క చేపా లేదు. నేను విసుక్కుంటుంటే బావ కథ మొదలెట్టాడు. డల్లాస్‌కి తూర్పున, కారులో గంటన్నర దూరంలో లేక్ ఫోర్క్ అనే చెరువుంది. 1980లో కట్టింది. నీళ్ళు నింపేటప్పుడు అడవిని పూర్తిగా కొట్టకుండా చాలా చెట్లని అలాగే వదిలేశారు. ఇప్పటికీ నీళ్ళలోంచి మోళ్ళు చేతులు చాచి నిలబడి వుంటాయి. బాస్‌లకి అంతకంటే బంగళా ఏం కావాలి!

1986 నవంబరులో మార్క్ స్టీవెన్సన్ అనే ఆయన గాలానికి అక్కడ ఒక బాస్ పడింది. బరువు 17.67 పౌన్లు, అంటే ఎనిమిది కిలోలు. ఆ రోజుకి టెక్సాస్ రికార్డు అది. ఆయన దాన్ని కోసుకు తినలేదు. ప్రాణంతో ప్రభుత్వానికి అప్పగించాడు. దానికి ఎథెల్ అని పేరు పెట్టారు. తర్వాత మిస్సోరీ రాష్ట్రంలో ఒక పెద్ద దుకాణం అద్దాల తొట్టిలో దాన్ని వుంచితే, జనం మన తారల్ని చూడ్డానికి స్టూడియో గేటు దగ్గర మూగినట్టు మూగారట. 1994లో కన్నుమూసింది. ఏ ఔట్‌డోరూ లేకుండా, ఒక్క డైలాగూ చెప్పకుండా ఎనిమిదేళ్ళు స్టారుగా వెలిగిన ఘనత ఆవిడదే!

ఎథెల్‌తోనే ఒక పథకం పుట్టింది. 13 పౌన్లు దాటిన బాస్ ఎవరికైనా పడితే, జనవరి నుంచి మార్చి దాకా ప్రభుత్వం దాన్ని 'అప్పు' తీసుకుంటుంది. ఏథెన్స్ అనే వూళ్ళో వున్న చేపల కేంద్రంలో గుడ్లు పెట్టించి, పిల్లల్ని చెరువుల్లో వదులుతారు. పట్టినవాడికి ఆ చేప నమూనా బొమ్మ చేసిస్తారు. అంటే హీరోయిన్‌ని కాల్షీటు మీద తీసుకున్నట్టే అనుకోండి!

"ఇంకోటి వినరా," అన్నాడు బావ. "ఎథెల్ రికార్డు కొట్టింది కూడా అదే చెరువులో. ఎప్పుడో తెలుసా? 1992 జనవరి 24. నడి చలికాలం. బ్యారీ సెయింట్ క్లెయిర్ అని, ఆయనసలు బాస్ కోసం వెళ్ళనేలేదు. క్రాపీ అనే చిన్నచేపల కోసం బుల్లిచేప ఎరగా గుచ్చి కూర్చున్నాడు. పద్ధెనిమిది పాయింటు ఒకటి ఎనిమిది పౌన్లది పడింది. ఇప్పటికీ రాష్ట్రంలో దాన్ని మించింది లేదు."

"అంటే అదృష్టమన్నమాట."

"అదృష్టమే. కాకపోతే జనవరి చలిలో దారం నీళ్ళలో వుంచినవాడికే వచ్చింది. ఇంట్లో దుప్పటి కప్పుకున్నవాడికి రాలేదు."

నా మీద విసురని తెలిసి మొహం తిప్పుకున్నాను. సరిగ్గా అప్పుడే...

ఫోను మోగింది

జేబులో గిజగిజమని ఫోను! తెలీని నంబరు. డల్లాస్ కోడు. నా గుండె గొంతులోకి వచ్చింది. శనివారం కూడా ఫోను చేసే కంపెనీ అంటే ఎంత అవసరంలో వుందో! తెడ్డు వదిలేశాను. గాలపు కర్ర ఒళ్ళోంచి జారుతుంటే దాన్ని పట్టుకోబోయి ఎడమవైపుకి వంగాను. కుడిచేతిలో ఫోను. చెప్పాను కదా, కయాకు మనతోపాటే వంగుతుంది. అది వంగింది. ఇంకా వంగింది. బావ "కూర్చో!" అని అరవడం వినబడింది.

తర్వాత ఆకాశం కనబడలేదు.

ఆ నీళ్ళ గురించి ఎలా చెప్పను? చలి అనిపించలేదు. దెబ్బ అనిపించింది. వెయ్యి సూదులు ఒక్కసారి గుచ్చినట్టు. మొహం నీళ్ళలో వుండగానే నా ప్రమేయం లేకుండా నోరు తెరుచుకుని ఊపిరి లాగేసింది. సగం గాలి, సగం చెరువు. జాకెట్టు నన్ను కాలరు పట్టి పైకి లేపింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ ఒక్క గుటకతో సరి. పైకొచ్చాక కూడా ఊపిరి నా మాట వినలేదు. కుక్క వగర్చినట్టు వగరుస్తున్నాను. కాళ్ళూ చేతులూ ఇష్టమొచ్చినట్టు కొట్టుకుంటున్నాయి.

బావ కయాకు నా పక్కకొచ్చింది. ఆయన గొంతు మాత్రం సినిమాల్లో డాక్టరు గొంతులా నెమ్మదిగా వుంది.

"కొట్టుకోకు. నా మొహం చూడు. ఊపిరి ఒదులు. ఒక్క నిమిషం ఏమీ చెయ్యకు. ఒదులు... పీల్చు... ఒదులు..."

తర్వాత తెలిసింది ఆ లెక్క. కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చన్నీళ్ళలో మనిషి శరీరం ఏమవుతుందో పరిశీలించి చెప్పిన సూత్రం. ఒకటి, పది, ఒకటి. మొదటి ఒక్క నిమిషం ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి. తర్వాత పది నిమిషాలు చేతులు పనిచేస్తాయి, బయటపడే పనంతా అప్పుడే చూసుకోవాలి. ఆపైన గంట దాకా స్పృహ వుంటుంది. జనం సాధారణంగా 'గడ్డకట్టుకు చచ్చిపోతాం' అనుకుంటారు. ముంచేది గడ్డకట్టడం కాదు, ఆ మొదటి నిమిషం కంగారు.

నిమిషం గడిచింది. ఊపిరి దారికొచ్చింది. బావ నా కయాకుని తిరగేసి, తన దానికి ఆనించి పట్టుకున్నాడు. "అవతలి అంచు పట్టుకో. కాళ్ళు వెనక్కి చాపి తన్ను. పొట్టమీద పాక్కుంటూ ఎక్కు." మొదటిసారి జారిపోయాను. వేళ్ళు కర్రల్లా అయిపోయాయి. రెండోసారి ఒడ్డున పడ్డ చేపలా బోర్లా పడ్డాను కయాకు మీద. అలాగే తాడు కట్టి లాక్కుపోయాడు.

ఒడ్డున బావ తన నీళ్ళు దూరని సంచిలోంచి పొడిబట్టలు తీశాడు. సూటు జిప్పు లాగే శక్తి కూడా నా వేళ్ళకి లేదు. ఆయనే విప్పి, ఆయనే తొడిగాడు. పండి హీటరు పెట్టి, ఫ్లాస్కులో టీ మూతలో పోసిచ్చాడు. అప్పుడు చూశాను. టీ తొణుకుతోంది. నా చేతిలో కాదు, ఆయన చేతిలో. నీళ్ళ మీద అంత నిబ్బరంగా మాట్లాడిన మనిషికి ఇప్పుడు చెయ్యి వణుకుతోంది.

"అక్కకి చెప్పకు బావా."

చాలాసేపు మాట్లాడలేదు. "చెప్పకుండా వుంటే ఈసారి నువ్వు మళ్ళీ ఫోను తెస్తావు. చెప్తాను," అన్నాడు.

ఆ రాత్రే చెప్పాడు. అక్క అరవలేదు. నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసి, లోపలికెళ్ళి తలుపేసుకుంది. అరిచినా బాగుండేది.

మళ్ళీ ఆ మూలకే

రెండు వారాలు నేనే వెళ్ళనన్నాను. మూడో శనివారం బావ కయాకులు కడుతుంటే అక్క వచ్చి నా లైఫ్ జాకెట్టు తెచ్చి నా చేతిలో పెట్టింది. "భయంతో ఇంట్లో కూర్చుంటే అది పోదురా. ఫోను మాత్రం ఇలా ఇవ్వు," అంది. కొత్త ఫోను. ఇచ్చేశాను.

ఫిబ్రవరి మధ్య. ఆ ముందురోజే ఉత్తరపు గాలి కొట్టిపోయింది. టెక్సాస్ వాళ్ళు దీన్ని 'బ్లూ నార్తర్' అంటారు. పొద్దున చొక్కాతో తిరిగినవాడు సాయంత్రానికి కోటు వెతుక్కునేలా చేసే గాలి. అది పోయాక చెరువు అద్దంలా వుంది. అదే మూల. అదే వాగు అంచు. పైన అవే విమానాలు. జేబు ఖాళీ. మొదటి అరగంట చెయ్యి దానంతటదే జేబు తడుముకుంది. తర్వాత మానేసింది.

జిగ్ దించాను. అంగుళం. పది లెక్క. అంగుళం. ఇరవై లెక్క. దారం వేలికి ఆనించి కూర్చున్నాను. అడుగున గులకరాయి తగిలితే టిక్కుమని తెలుస్తోంది. బురద తగిలితే మెత్తగా తెలుస్తోంది. ఇన్నాళ్ళూ ఏమీ లేదనుకున్న చోట ఇంత వుందా అనిపించింది. కర్రమోడు ఒకటి తగిలింది, దాటింది. ఎన్నో ఇరవయ్యో గుర్తులేదు, దారం చివర తడిగుడ్డ తగిలినట్టయింది.

బావ చెప్పిన బరువు!

ఎత్తాను. బరువు ఇటు రాలేదు, అటు కదిలింది. కర్ర వంగిపోయింది. నా కయాకుని ముందుకి లాగుతోంది చేప! నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలీదు. "రీలు తిప్పకు, కర్రతో ఆపు! కూర్చునే ఆపు!" అంటున్నాడు బావ. రెండు మూడు నిమిషాలకి పక్కకొచ్చింది. ఆకుపచ్చ ఒళ్ళు, నల్లచార, బాబోయ్, ఎంత నోరు! బావ చెప్పినట్టు చెయ్యి తడిపి కింది పెదవి పట్టుకున్నాను. చెయ్యి తడపకపోతే ఒంటిమీద జిగురుపొర చెడి చేపకి జబ్బు చేస్తుందట. తూస్తే నాలుగు పౌన్లు. రెండు కిలోలకి కాస్త తక్కువ. పొట్ట వుబ్బెత్తుగా వుంది.

"గుడ్లతో వుందిరా," అన్నాడు బావ మెల్లగా. "నీళ్ళు వేడెక్కగానే ఒడ్డుకొచ్చి పెడుతుంది."

చట్టప్రకారం ఇంటికి తీసుకెళ్ళచ్చు. 14 అంగుళాలు దాటితే రోజుకి ఐదు దాకా వుంచుకోవచ్చు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నీళ్ళలో పెట్టి పట్టుకున్నాను. మొప్పలు రెండుసార్లు ఆడాయి. తోక ఒక్కటి విదిల్చి, నా మొహాన నీళ్ళు కొట్టి, వాగులోకి దిగిపోయింది.

శుభం కార్డు ముందు

ఆ సాయంత్రం అమ్మతో ఫోన్లో చెప్పాను. పడవ తిరగబడిన సంగతితో సహా అంతా. అక్క పక్కన కూర్చుని చెప్పించింది లెండి. అమ్మ తిట్లన్నీ అయ్యాక అడిగింది:

"ఇంతకీ పులుసు పెట్టారా, వేపుడా?"

"వదిలేశామమ్మా."

"వదిలేశారా! ప్రాణం మీదకి తెచ్చుకుని, రెండు కిలోల చేపని పట్టి, వదిలేశారా? మీ నాన్న వింటే నవ్విపోతాడు."

"గుడ్లతో వుందమ్మా."

కాసేపు అవతల మాట లేదు.

"అయితే మంచి పని చేశారు," అంది అమ్మ. "కడుపుతో వున్నదాన్ని ఎలా తింటాం?"

ఉద్యోగం సంగతి అడుగుతారని తెలుసు. 83వ రోజున వచ్చింది. పెద్ద కంపెనీ కాదు, పెద్ద జీతం కాదు. చేపకీ దానికీ సంబంధం వుందని నేననను. ఒకటి మాత్రం నిజం. ఆ ఇంటర్వ్యూలో ప్రశ్న అడగ్గానే గబగబా మీదపడిపోకుండా, మనసులో మూడు లెక్కపెట్టి జవాబు చెప్పాను.

ఇక ఆ రోజు నన్ను చెరువులో పడేసిన ఫోను ఎవరిదంటారా? కొత్త ఫోనులో పాత నంబరు పెట్టించాక, లెక్కలు తీసి ఆ నంబరుకి నేనే చేశాను. గుండె దడదడలాడుతోంది. అవతల ఒక రికార్డు చేసిన గొంతు ముద్దుగా పలికింది: మీ కారు వారంటీ ముగిసిపోతోందట, వెంటనే పొడిగించుకోమని!

నాకసలు కారే లేదు.

పాత ఫోను ఇప్పటికీ గ్రేప్‌వైన్ చెరువులో, పాతికడుగుల కింద, ఆ పాత వాగులోనే వుంది. కారు కావాలనిపిస్తే బాస్ గార్నే ఎత్తుకోమనండి!